ఒక్క మాటకు సరిపడా ఛార్జింగు

ఎనిమిది శాతం. ఇందాక చూసినప్పుడూ ఎనిమిదే. చూడకూడదు, చూసినప్పుడల్లా తెర వెలుగుతుంది, వెలిగినప్పుడల్లా ఇంత తింటుంది అని తెలుసు, అయినా వెంకటరమణప్ప బొటనవేలు పుండు మీదికి పోయినట్టు దాని పాటికది ఫోను పక్కనున్న మీట మీదికి పోతూనే ఉంది. బండ కాలుతోంది. తలమీది తువ్వాలు మడిచి కింద వేసుకున్నా కాలుతోంది. అయినా ఇక్కడే కూర్చోవాలి, ఈ మామిడితోపు మొత్తానికీ ఫోనులో రెండు గీతలు కనిపించే చోటు ఈ బండ ఒక్కటే, కింద గుడిసె దగ్గర ఒక గీత, వంక దాటి బేతమంగళ రోడ్డుకు పోయే దారిలో అదీ ఉండదు. రోడ్డెక్కితే టీ అంగడిలో ఛార్జింగు పెట్టుకోవచ్చు, కాని ఆ వంకలో ఉన్నంత సేపూ ఫోను చెవిటిదే, సరిగ్గా అప్పుడే కొడుకు పాండు చేస్తే? గుడిసెకు కరెంటు లేదు. తోపు గుత్తకు పట్టిన సుబ్బరాయప్ప కాపలాకు రమ్మన్నప్పుడే చెప్పాడు, బోరు మోటారు పెట్టెలో ఒక ప్లగ్గు ఉంది, త్రీఫేజు వచ్చినప్పుడు అక్కడ పెట్టుకో అని. నిన్నటి గాలికి ఎక్కడో తీగ తెగినట్టుంది, అప్పటి నుంచి త్రీఫేజూ లేదు, ఏ ఫేజూ లేదు. ఉన్న ఛార్జింగంతా నిన్న సాయంత్రమే పోయింది, అదీ పాండుకే పోయింది. వాడు వీడియోలో కొండలు చూపించాడు, తెల్లటి మంచు, ఆ కొండ నడుముకు నల్లగా సొరంగం నోరు, ఆ నోట్లోంచి వాడు రోజూ లోపలికి పోయేది, చూడు నాయనా చూడు అని ఫోను తిప్పి తిప్పి చూపించాడు, తాను నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాడు. ఈ రోజు ఇలా వస్తుందని తెలిస్తే చూసేవాడా. చూసేవాడే.

ఆ సొరంగమే పొద్దున కూలిందట. భార్య చిక్కమ్మ ఫోన్ చేసి చెప్పింది, కేజీఎఫ్‌లో బంగారు గనుల కూలీలకిచ్చిన తమ లైను ఇంటి నుంచి. ఎదురింట్లో టీవీలో చూపిస్తున్నారట, ఉత్తరాన కొండల్లో రైలు సొరంగం, పని జరుగుతుండగా పైకప్పు దిగిపోయింది, లోపల ఎంతమంది ఉన్నారో తెలియదు, పేర్లు చెప్పడం లేదు. పాండు ఫోను మోగుతుంది, ఎవరూ తీయరు, లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు కదా, నోటి దగ్గరే పెట్టెలో పెట్టి దిగాలి. చిక్కమ్మ ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది, అలవాటైన చిక్కమ్మ అనుకునేవాడు. "ఇదో, నీ ఫోను జాగ్రత్తగా పెట్టుకో. వాడు యాడ నుంచి చేసినా, ఎవురి ఫోన్లో చేసినా, నీ నంబరుకే చేస్తాడు. వాడికి నోటికొచ్చేది అదొక్కటే. చేస్తే ఇంగ వేరే మాటలొద్దు. మూటాముల్లె కట్టుకోని ఇంటికి రమ్మని చెప్పు. అమ్మ చెప్పిందని చెప్పు. ఒక్క గడియ ఆడ ఉండొద్దని చెప్పు." అంత చెప్పి ఆమే ఫోను పెట్టేసింది. ముప్పై ఏళ్ల కాపురంలో చిక్కమ్మ తనంతట తాను మాట ఆపడం వెంకటరమణప్ప ఎరగడు. బియ్యం ఉడికాయని చెప్పడానికి కూడా పొలం దగ్గర మొదలుపెట్టే మనిషి. 

కాబట్టి ఛార్జింగు కాపాడాలి. ఎలా కాపాడాలో పాండే నేర్పాడు. ఈ ఫోను వాడి పాతదే, వాడు కొత్తది కొనుక్కుని ఇది తన చేతిలో పెట్టాడు, దీని బ్యాటరీకి నా వయసులో సగం నాయనా అని నవ్వాడు, వాడి తమాషాలు వాడివి. ఇరవై దాకా మెల్లగా నడుస్తుంది, ఆ తరువాత దిగుడు. వెలుగు తగ్గించు, ఇదిగో ఈ గీత ఇట్లా లాగు. తగ్గించాడు, ఎండలో ఇప్పుడు తెర మీద అక్షరాలు కూడా కనిపించడం లేదు, అరచెయ్యి గొడుగులా పట్టి చూడాలి. నెట్టు ఆపు. ఆపాడు. లొకేషను ఆపు, బ్లూటూతు ఆపు, అదేమిటో తెలియకపోయినా ఆపు. ఆపాడు. వెనకాల తెరిచి మరిచిపోయినవన్నీ పైకి తోసెయ్యి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పంపినట్టు మర్యాదగా. తోశాడు, నిన్న పాండు పంపిన మంచుకొండ బొమ్మ కూడా వాటితో పైకి పోయింది, పోతుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇంకేం చెప్పాడు? "సిగ్నలు లేని చోట పెట్టుకోవద్దు నాయనా. అది టవరు కోసం అరస్తా ఉంటాది. అరిచి అరిచి దాని సత్తువంతా పోతాది." పాపం, యంత్రమే అయినా. అప్పటి నుంచి వెంకటరమణప్పకు ఫోను మీద ఒక రకమైన జాలి. అందుకే బండ ఎక్కించి కూర్చోబెట్టాడు, ఇక్కడైతే పెద్దగా అరవనక్కర్లేదు.

అన్నీ ఆపవచ్చు, మనుషులను ఎలా ఆపేది? చిక్కమ్మ పెట్టేసిన కాసేపటికే మోగింది, ఆయన ఒళ్లంతా మోగింది, చూస్తే బైరకూరులోని చెల్లెలు పిల్లమ్మ. "అన్నా" అని ఒక్క మాట అని ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు మొదలుకూ చివరకూ మధ్య ఎక్కడైనా సందు దొరికితే ఫోను పెట్టెయ్యమ్మా అని చెబుదామని ఎదురుచూశాడు. దొరకలేదు. ముక్కు చీదుకుని మళ్లీ అందుకుంది, పాండు చిన్నప్పుడు తమ ఊళ్లో పట్టుపురుగుల తట్టలో చెయ్యి పెట్టి అవి పాకుతుంటే కిలకిలా నవ్వేవాడని, ఆ నవ్వే కళ్లలో ఉందని. నువ్వు తిన్నావా అన్నా అంది. తిన్నానమ్మా అన్నాడు. ఏం తిన్నావు అంది. ఇది అడిగే సమయమా అని కసిరితే దానికి కడుపు కోసినట్టవుతుంది. కష్టంలో పలకరించిన గొంతును నడుమ కొయ్యడం ఏ ఇంట్లోనూ నేర్పరు, ఆ ఫోను తయారు చేసినవాడెవడో వాళ్ల ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ ఏమీ జరగలేదేమో, అంత పెద్ద తెరకు ఇంత చిన్న ప్రాణం పెట్టాడు. పిల్లమ్మ ఏడుపు మానేసరికి ఏడు. తరువాత దొడ్డమునియప్ప. అండర్‌గ్రౌండులో పదేళ్లు గనిపనిలో తన జతగాడు, ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా రాతిపొడితో గుమ్మం దాటలేని మనిషి. "రమణప్పా, ఏమీ కాదులే. మనం బయటికి రాలేదా" అన్నాడు, అని దగ్గు మొదలుపెట్టాడు. అది ఎప్పుడు ఆగుతుందో దేవుడికీ తెలియదు. ఆ దగ్గును మధ్యలో వదిలి ఎలా పెట్టేస్తాడు? విన్నాడు. లోపల ఎవరో గునపంతో తవ్వుతున్నట్టు ఆ చప్పుడు, తనకు ఎరుకైన చప్పుడే, తన రొమ్ములోనూ తెల్లవారుజామున వినిపించే చప్పుడే. దగ్గు ఆగాక "ఉంటా" అని దొడ్డమునియప్ప పెట్టేశాడు. పాపం, చెప్పాలనుకున్నది వేరే ఏదో. ఆరు. ఎవరి ప్రేమ వాళ్లది, ఆ ప్రేమకంతా ఖర్చు మాత్రం ఈ ఆరులోంచే.

మనం బయటికి రాలేదా. వచ్చాం. పాండు అప్పుడు చంటిబిడ్డ. ఎయిర్ బ్లాస్టు అనేవాళ్లు, భూమి లోపల బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టు రాయి పేలేది, పైన లైను ఇళ్లల్లో గిన్నెలు అటక మీద నుంచి దూకేవి. ఆ రోజు తాము నలుగురు, అటు దారి లేదు ఇటు దారి లేదు, దుమ్ము సర్దుకునేసరికి నలుగురి టోపీల మీద నాలుగు లైట్లు ఒకరి మొహం మీదికి ఒకరివి. అప్పుడు దొడ్డమునియప్పే అన్నాడు, అప్పటికి వాడికి దగ్గు లేదు, కంచు గొంతు. "ఒకటి చాలు. తక్కినవి ఆపండప్పా. కూసున్నోడికి ఎందుకు లైటు?" మూడు ఆపారు. కొంతసేపటికి ఆ నాలుగోదీ ఆపారు. లైటుకు కట్టిన బ్యాటరీ నడుముకు వెచ్చగా తగులుతూ ఉంటుంది, అది ఉంది చాలు, వెలగనక్కర్లేదు. చీకట్లో నలుగురూ ఒకరి భుజానికొకరు ఆనుకుని కూర్చున్నారు. అటు నుంచి రాళ్లు తీసే చప్పుడు వినబడ్డాకే ఒక లైటు వేశారు. ఆ రోజు లైటు ఆపినవాళ్లే బతికారు, ఇది వెంకటరమణప్ప ఎముకల్లోకి పోయింది. గనులు మూసేశాక బెంగుళూరు రైలెక్కి ఏళ్ల తరబడి ఎవరి మేడలకో కాపలా కాశాడు, అక్కడా రాత్రి టార్చి వేసేవాడు కాదు. ఇంట్లో కూర్చుంటే బల్బు ఆపేస్తాడు. ఈ మనిషి ఇంట్లో ఉంటే గబ్బిలాలకు సంబరం అని చిక్కమ్మ లైనంతా చాటింది. చాటనీ.

అందుకే ఫోను కూడా ఆపేశాడు. ఆలోచించి ఆపలేదు, చెయ్యే ఆపింది. మీట నొక్కి పట్టుకుంటే ఆపనా అని అడిగింది, ఆపు అన్నాడు, ఒక్కసారి వణికి నల్లబడింది. అమ్మయ్య. ఇక ఎవరూ తినలేరు. ఆరు ఆరుగానే ఉంటుంది, డబ్బాలో పెట్టి మూత బిగించినట్టు. పాండు మొదటి షిఫ్టు, వాడు పైకొచ్చే వేళకు ఇంకా పొద్దుంది, అప్పటికి వేస్తే సరి. మనసు తేలికపడింది, తోపంతా కనిపించింది. తోతాపురి కాయల బరువుకు కొమ్మలు నేలకు ఆనాయి, చిలకలు కొరికి పారేసినవి కింద పసుపుపచ్చగా, ఒక కోతి గుడిసె కప్పు మీద కూర్చుని తనను చూస్తోంది, పో అని అరవడానికి కూడా బుద్ధి పుట్టలేదు, తిననీ. వాడు ఫోన్ చేస్తే ఏం చెప్పాలి? మూటాముల్లె కట్టుకుని, అమ్మ చెప్పింది, ఒక్క గడియ కూడా. అంత పొడుగు మాట ఆరుకు పట్టకపోవచ్చు. కుదించాలి. అమ్మ రమ్మంది, వచ్చెయ్యి అప్పా. ఇంకా కుదించవచ్చు. వచ్చెయ్యి. అంతే. బిడ్డను పిలిచే ఆ అప్పా అనకపోయినా వాడికి తెలుస్తుంది. లేదు, అప్పా ఉండాలి, అది లేకపోతే కసిరినట్టుంటుంది. వచ్చెయ్యి అప్పా. రెండు మాటలు. పెదవుల మీద అనుకుని చూశాడు. బాగుంది. వాడు వస్తాడు, రైలు దిగుతాడు, గడ్డం పెరిగి ఉంటుంది, చిక్కమ్మ తలకు నూనె అంటుతుంది, ఇక ఎక్కడికీ పంపదు, ఊళ్లో ఆటో నడుపుకోనీ, ఆకాశం కింద పని, ఎండ తగిలే పని.

చిక్కమ్మ ఇప్పుడు ఏం చేస్తుంటుంది? ఆనాడు ఏం చేసిందో చాలా ఏళ్లకు అడిగాడు. తాను లోపల చీకట్లో కూర్చున్నంత సేపూ నువ్వు పైన ఏం చేశావు అని, ఏదో మాటల్లో, రాగిసంకటి తింటూ. షాఫ్టు దగ్గర, గనిలోంచి మనుషుల్ని పైకి తెచ్చే కేజి ఆగే చోట, నిలబడినానంది. కూర్చోలేదా అంటే లేదంది. పక్కన ఆడవాళ్లు నీళ్లు తాగిరా పో అంటే పోలేదట, పాండు చంకలో ఏడుస్తుంటే ఆ నిలబడిన చోటే పాలిచ్చిందట. "కేజి పైకొచ్చినప్పుడల్లా మేస్త్రీ పేర్లు పిలస్తా ఉండినాడు. మన పేరు పిలిచినప్పుడు పలికేదానికి మనిషి ఉండాల కదా. నేను నీళ్లకు పోయినప్పుడే నిన్ను పిలిస్తే?" అప్పుడు ఆయన నవ్వాడు. నీళ్లు తాగడానికి ఎంతసేపు పడుతుంది, వచ్చాక అడిగి తెలుసుకుంటే పోలా, పిచ్చిదానివి అన్నాడు. ఆమె నవ్వలేదు, సంకటి ఇంకో ముద్ద పెట్టింది. ఆ మొహం ఇప్పుడు కనిపించింది, అప్పుడు చూడలేదు. అప్పుడు తాను చీకట్లోంచి వచ్చినవాడు, పెద్ద కష్టం తనదే అనుకున్నాడు. లోపలున్నవాడికి పనేముంది, లైటు ఆపి కూర్చుంటే చాలు. పైనున్నవాళ్లు ఏదీ ఆపడానికి లేదు. తాను ఇప్పుడు లోపలివాడు కాదు. ఈ బండ మీద ఎండలో కూర్చున్నవాడు పైనున్నవాడు. బిడ్డ లోపల ఉంటే తాను ఫోను ఆపి, నీళ్లకు పోయినట్టు పోయి, మామిడికాయలు చూస్తూ కూర్చున్నాడు.  ఎంతసేపైంది ఆపి? తెలియదు, టైము కూడా ఆ ఫోన్లోనే ఉంది.

మీట నొక్కాడు. వెలగదే. ఇంకా గట్టిగా నొక్కాడు. వెలిగింది, కంపెనీ పేరు వచ్చింది, ఎంత ముస్తాబు, ఏదో రంగుల పువ్వు విచ్చుకుంది, పాట పాడింది. చచ్చేవాడి ముందు మేళమా, పాడింది చాలు, లే. లేచింది. నాలుగు. మేలుకోవడానికే రెండు తినేసింది. గీతలు రాలేదు, అరుస్తోంది పాపం టవరు కోసం, ఒక గీత, రెండు. టుంగుమంది. మళ్లీ టుంగుమంది. అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. మీరు అందుబాటులో లేనప్పుడు ఈ నంబరు నుంచి కాల్ వచ్చింది అని, ముక్కూ మొహం తెలియని నంబరు, రెండుసార్లు. చిక్కమ్మా, నన్ను పిలిచినప్పుడు నేను లేను. ఆ మాట పైకే అన్నాడు, కోతి తల తిప్పి చూసింది. ఆ నంబరు మీద నొక్కాడు. మోగుతోంది. మోగడానికి కూడా తింటుంది. మోగుతోంది. ఎత్తండి సామీ. "హలో, కౌన్?" ఎవడో, గాలి, యంత్రాల హోరు. తనకు హిందీ రాదు. పాండు అన్నాడు. పాండు, కోలార్, పాండు. అటు ఏదో అన్నారు. పాండు, పాండు అని మాత్రమే అన్నాడు, జపం చేసినట్టు, బతికి ఉన్నాడా అని అడగడానికి ఆ భాషలో మాట తెలియదు, తెలిసినా అడిగేవాడో కాదో. అటు ఎవరో అరిచి పిలిచారు. అడుగుల చప్పుడు.

"నాయనా, ఏం స్విచ్చాఫ్ వస్తా ఉండాది?" అన్నాడు పాండు.

కసురుతున్నాడు. ఆ కసురు విని వెంకటరమణప్ప కళ్లలో నీళ్లు బొటబొటా రాలాయి, ఆపుకోలేదు, ఎవరు చూస్తారు. వాడు బతికి ఉన్నాడు, కసరడానికి ఊపిరుంది. అప్పా అన్నాడు తాను, బయటుండావా అన్నాడు. "బయటుండాను నాయనా. నా ఫోను పెట్టెకు తాళముండాది, ఇది వేరేవాళ్లది. నాకేమీ కాలేదు, నేను నోటి దగ్గరుండాను. విను. లోపల ముగ్గురుండారు, పలకతా ఉండారు. పక్కన పైపు పోయే సందు ఉండాది, లావు మనుషులు పట్టరు. నేను పడతాను. ఇంజినీరు బలవంతం లేదన్నాడు, ఇంట్లో అడిగి చెప్పమన్నాడు. నువ్వు పొమ్మంటే పోతాను, వద్దంటే బ్యాగు తీసుకోని రైలెక్కుతాను. బిరీన చెప్పు నాయనా, వాళ్లు నన్నే చూస్తా ఉండారు." వచ్చెయ్యి అప్పా. నాలుక మీదే ఉంది. రెండు మాటలు, కుదించి, అమర్చి పెట్టుకున్నవి. వాడు నోరు తెరిచి అడగకపోతే బాగుండేది. పోయినాక తెలిస్తే తిట్టుకుంటూ దండాలు పెట్టుకుంటూ ఉండేవాడు, అడిగాడు కాబట్టి మోయాలి. ఆనాటి గని చీకట్లో అటువైపు రాళ్లు తీసిన చప్పుడు. మొదటి రాయి కదిలి కంతలోంచి ఒక చెయ్యి వచ్చింది, రక్తం కారుతున్న చెయ్యి, ఆవులప్ప చెయ్యి. ఆవులప్ప షిఫ్టు అయిపోయి, పైకొచ్చి, స్నానం కూడా చేశాడట, సైరను విని తల తుడుచుకోకుండా మళ్లీ దిగాడు. ఆవులప్పకు ఇద్దరు ఆడబిడ్డలు. ఆ రోజు దిగేటప్పుడు ఆవులప్ప ఇల్లాలు ఏమందో వెంకటరమణప్ప ఎన్నడూ అడగలేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపి ఉంటే పాండుకు తండ్రి లేడు. ఫోను చెవి దగ్గర కుయ్యిమంది, అయిపోవచ్చింది. ఆ ముగ్గురి ఇళ్లల్లోనూ ఎవరో ఒకరు నీళ్లకు పోకుండా నిలబడి ఉంటారు.

"పోయిరా అప్పా" అన్నాడు. మాట స్పష్టంగానే వచ్చింది.

"సరే నాయనా. అమ్మకు చెప్పు" అన్నాడు పాండు, అని ఎవరినో పిలుస్తున్నాడు, ఆ పిలుపు మధ్యలో తెర నల్లబడింది. మీట నొక్కాడు. ఖాళీ బ్యాటరీ బొమ్మ ఒక్కసారి ఎర్రగా మెరిసి పోయింది. ఇక దీంతో పని లేదు. ఇప్పుడు రోడ్డుకు పోవచ్చు, వంకలో గీతలు లేకపోయినా ఫరవాలేదు, తోపును కోతులు తిన్నా ఫరవాలేదు, సుబ్బరాయప్పకు రేపు చెప్పుకోవచ్చు. టీ అంగడిలో ఛార్జింగు పెట్టుకుని చిక్కమ్మకు ఫోన్ చెయ్యవచ్చు. లేదు, ఫోనులో చెప్పే మాట కాదిది. బస్సెక్కి పోవాలి. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంటుంది, కూర్చోదు. బిడ్డ బతికి ఉన్నాడని ముందు చెప్పాలి, వాడి గొంతు విన్నానని, కసిరాడని చెప్పాలి. ఆమె నవ్వుతుంది, ఏడుస్తుంది, ఎప్పుడు బయలుదేరుతున్నాడు అని అడుగుతుంది. అప్పుడు రెండోది చెప్పాలి. ఆమె చెప్పమన్నది తాను చెప్పలేదని, పోయిరమ్మని పంపింది తానేనని, ఆమె మొహం చూస్తూ చెప్పాలి. చెప్పి, వాడు మళ్లీ పలికేదాకా ఆమె పక్కన నిలబడాలి. వెంకటరమణప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, కాలుతున్న బండ మీద నుంచి మెల్లగా కిందికి దిగాడు.